టోగో తానుకు పసుపు

పాండేసర మిల్లులో బట్ట మడతపెట్టే అంబదాస్ టోగో దేశాన్ని ఫోన్లో పటంగానే చూశాడు. ఆఫ్రికా పడమటి వైపు అది సన్నగా ఆరేసిన చీరలా ఉంటుంది, కొంగు మాత్రమే సముద్రంలో తడుస్తుంది. ఆ కొసన లోమే రేవు. అక్కడ దిగిన బట్టను ఆడవాళ్లు బజారులో అమ్ముతారట. లోమే వెళ్లే ప్రతి తాను మూలకూ అతను రవ్వంత పసుపు అద్దుతాడు. ఒకరోజు అలా అద్దుతూ సూపర్‌వైజర్ రవీంద్ర కంట్లో పడ్డాడు.

"ఏంది కాకా గిది? మరక అని మాల్ వాపస్ పంపుతరు."

"కొత్త బట్ట గద బిడ్డా. పసుపు పెట్టకుంట ఎట్ల కట్టుకుంటరు?"

"ఇంకోసారి చేస్తే పనిలకెళ్లి తీసేస్తరు."

అంబదాస్ తలూపి పసుపు పొట్లం జేబులో వేసుకున్నాడు. ఏటా దీపావళికి మిల్లువాళ్లిచ్చిన చొక్కాలన్నీ అతని గదిలో కవర్లలోనే ఉన్నాయి. భార్య భాగ్యలక్ష్మి పోయాక వాటికి పసుపు పెట్టే చెయ్యి లేదు.