విభూతి అనుకుని నిలబడ్డాను

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే “దెయ్యమా, నా బొందా!” అని లేచిపోయే రకం నేను. కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఎనభైల మొదట్లో మేం అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా పాప స్వాతి ఐదో ఏట జబ్బుచేసి హాస్పిటల్లో పోయింది. పదకొండు రోజులు దాని మంచం పక్కనే ఉన్నాను. స్నానం చేసి వస్తానని ఇంటికెళ్ళిన గంటలోనే వెళ్ళిపోయింది. ఆఖర్న నాకోసం వెతుక్కుందేమో అన్న ఆలోచన నన్ను తినేసేది.

మరుసటి ఫిబ్రవరిలో మావారు ఆఫీస్ పని మీద న్యూ ఆర్లీన్స్ వెళ్తూ నన్నూ లాక్కెళ్ళారు. “గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది, పద” అన్నారు.

మేం దిగిన మంగళవారం ఆ ఊళ్ళో కార్నివాల్ పండగకి ఆఖరి రోజు. ముసుగులు వేసుకున్నవాళ్ళు అలంకరించిన బండ్ల మీద నుంచి పూసల దండలు విసురుతున్నారు. ఊరేగింపు కనబడేలా నిచ్చెనల పైన బిగించిన చెక్కపెట్టెల్లో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి, నాన్నలు కింద పట్టుకున్నారు. ఆ పిల్లల కేకలు వినలేకపోయాను. రూమ్‌కి పోదామని ఏడ్చాను.

మర్నాడు పొద్దున ఊరంతా చప్పబడిపోయింది. రోడ్డు నిండా తెగిన పూసలే. దారిలో పాత చర్చి కనిపిస్తే లోపలికెళ్ళాం. కప్పంతా బొమ్మలు, బంగారు పూత, కిటికీలకి రంగుటద్దాలు. జనం వరుసలో నిలబడి నుదుట బూడిద పెట్టించుకుంటున్నారు. మన విభూతిలాంటిదే కదా అనుకుని నేనూ నిలబడ్డాను. చావుని తలుచుకోమని పెట్టే బూడిద అని అప్పటికి తెలియదు. మావారు వెనక బెంచీ మీద కూర్చున్నారు. నా పక్కన ఎవరూ లేరు, ఒట్టేసి చెప్తున్నాను.

ముసలి ఫాదర్ ఏవో మాటలు చెబుతూ బొటనవేలితో నా నుదుట బూడిద సిలువ గీశారు. తర్వాత వంగి, నా నడుం ఎత్తున గాలిలో అదే సిలువ గీసి, అవే మాటలు మళ్ళీ చెప్పారు. 

ఆయన మెల్లగా ఇంగ్లీషులో అన్నారు: “పాప నిద్రకి తూలుతోందమ్మా. బయట మెట్లున్నాయి, చెయ్యి వదలకండి.”

చెయ్యి కిందికి చాచి, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ దిగాను. చేతికి ఏమీ తగల్లేదు. తగిలిందని అబద్ధం చెప్పను.

నేను చెప్పిందంతా విని, “ఆయనకి చూపు ఆనదేమోలే” అన్నారు మావారు. అయ్యుండొచ్చు. అంతకంటే మంచి సమాధానం నాకూ ఇంతవరకు దొరకలేదు.

అద్దె కారు దగ్గరికి వచ్చాక నేను వెనక డోర్ తీసి పట్టుకుని నిలబడిపోయాను.  నేను డోర్ వేసేదాకా మావారు కారు స్టార్ట్ చెయ్యలేదు.