బానెట్ మీద గుండ్రటి గీతలు

మా చిన్నప్పుడు... చలికాలం, ఒక శనివారం పొద్దున. బోయిగూడలో మేం అద్దెకున్న ఇంటి వాకిట్లో, ఓనర్ యాదయ్య గారి నల్ల కారు మీంచి మా పిల్లి చుక్కి జారి దూకడం నేను చూశాను.

ఆయన అప్పుడే కారు తెచ్చి నిలిపారు. బానెట్ వెచ్చగా ఉంటుందని చుక్కి దాని మీద ముడుచుకుని పడుకుంది. గేటు చప్పుడుకు ఉలిక్కిపడి జారింది... దుమ్ములో నాలుగు సన్నటి గీతలు.

ఆయన చూస్తే చుక్కి మాకు దక్కదు. పిల్లిని వదిలేయమని అప్పటికే రెండుసార్లు చెప్పి ఉన్నారు.

నాకు పదకొండేళ్లు. ముగ్గురిలో పెద్దదాన్ని. గిన్నెలు తోమడం నా వంతు... చేతిలో బూడిద, కొబ్బరి పీచు. వెనకా ముందూ ఆలోచించలేదు. ఇత్తడి బిందెను తోమినట్టే బానెట్‌ను గుండ్రంగా, గట్టిగా తోమి, రెండు చెంబుల నీళ్లు పోశాను. తడి ఉన్నంతసేపు అద్దంలా మెరిసింది. మనసులోనే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఎండకు ఆరాక చూస్తే... బానెట్ నిండా సాలెగూడులా గుండ్రటి గీతలు.

"ఏందమ్మా గిది? మీ పిల్లి నా బండిని ఎట్ల గీకిందో చూడు!" యాదయ్య గారి కేకకు అన్ని వాటాల వాళ్లూ వాకిట్లోకి వచ్చారు.

"ఒక్క పిల్లి ఇంత గీకుతుందంటారా అండీ?" అంది అమ్మ.

"పిల్లి గాకపోతే నేను గీక్కున్ననా?"

ఆదివారం చర్చి నుంచి వచ్చాక చుక్కిని మౌలాలి గుట్ట దగ్గర వదిలేయాలని తేలింది. నాన్న తలూపారు. అద్దె ఇల్లు మరి...

నేను వెళ్లి మిగిలిన గిన్నెలు తోముకున్నాను.

మధ్యాహ్నం రాంగోపాల్‌పేట్ నుంచి మస్తాన్ భాయ్ వచ్చాడు. కార్లకు రంగు వేసే మనిషి. వంగి, ఒక కన్ను మూసి, బానెట్ మీద గోరు మెల్లగా జరిపాడు. గోరు ఎక్కడా ఆగలేదు.

"పైపైనే ఉన్నయ్ సార్, పాలిష్‌కు పోతయ్. పరేషాన్ గాకుండ్రి. గానీ ఇది పిల్లి పని కాదు."

"ఎట్ల చెప్తవ్?"

"పిల్లి సీదా గీకుతది సార్. ఇవి గోల్ గోల్ ఉన్నయ్. పిల్లికేమన్న తిక్కనా, గుండ్రంగ తిరుగుకుంట గీకనీకి?"

చుక్కి బతికిందనుకున్నాను. కానీ యాదయ్య గారి చూపు మా మీదికి మళ్లింది. "అంటే ఎవరో కావాల్నని చేసిండ్రు." ముందు మా తమ్ముడిని చూశారు... వాడి బంతి ఆయన లాక్కుని వారమైంది. తర్వాత పక్క వాటా వాళ్లను. ఆ పూటంతా వాకిట్లో ఒకరినొకరం ఓరకంట చూసుకున్నాం. పలకరింపులు తగ్గాయి. తమ్ముడి జేబులు అమ్మ రెండుసార్లు వెతికింది, మేకు దొరుకుతుందేమోనని.

"ఎవరో తెలిసేదాంక పిల్లి చేసినట్టే లెక్క. రేపు పోవాలె, గంతే," అన్నారాయన.

మస్తాన్ భాయ్ వెళ్తూ వెళ్తూ నా చేతులు చూశాడు. గోళ్ల సందుల్లో బూడిద... తల తిప్పుకుని గేటు దాటిపోయాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో పిల్లలం ఒక్కొక్కరం ఆ రోజు చేసిన తప్పు ఒకటి పైకి చెప్పాలి. నా దగ్గర ఎప్పుడూ ఒక చిన్న తప్పు సిద్ధంగా ఉండేది... పాల మీద మీగడ తిన్నాననో, చెల్లిని గిల్లాననో.

ఆ రోజు తమ్ముడు ముందే ఏడుపు అందుకున్నాడు. "ప్రభువా, నేను కారు ముట్టుకోలేదు. అమ్మకు నువ్వైనా చెప్పు..."

నా వంతు వచ్చింది. మీగడ మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. కళ్లు తెరవకుండానే అంతా చెప్పేశాను. బూడిద, పీచు, చెంబులతో సహా.

నాన్న ఆమెన్ అన్నారు. చేయి పట్టుకుని యాదయ్య గారి గుమ్మం ముందు నిలబెట్టారు.

ఆయన నన్ను అనుమానంగానే చూశారు. "మీ తమ్మున్ని బచాయించనీకి చెప్తలేవు గదా?"

"లేదు తాతయ్యా. బిందె తోమినట్టే తోమాను."

"నా బండి నీకు బిందె లెక్క కనబడ్డదా?" అని, "పిల్లిని ఉండనియ్. మౌలాలికి నువ్వే పో," అన్నారు. లోపల నుంచి వాళ్లావిడ నవ్వు వినిపించింది.

సోమవారం మస్తాన్ భాయ్ పాత బనీను ముక్కకు పాలిష్ రాసి, ఎక్కడా గట్టిగా అదమకుండా రుద్దుతుంటే, నేను నీళ్లు అందించాను. నా గుండ్రటి గీతలన్నీ పోయాయి. వాటి కింద నుంచి తేలాయి... నాలుగు, తిన్నగా, సన్నగా.

నేను మస్తాన్ భాయ్ వైపు చూశాను. అతను గుమ్మం వైపు చూశాడు. యాదయ్య గారు చాయ్ తాగుతున్నారు. మస్తాన్ భాయ్ ఇంకొంచెం పాలిష్ తీసుకుని వాటినీ తుడిచేశాడు.

"నీదైనా, దానిదైనా... ఇదే గుడ్డతోటి పోతది బిడ్డా."

ఇప్పుడు తమ్ముడు ఉండే అపార్ట్‌మెంట్లో గేటుకో కెమెరా. మొన్న వాడి కారు మీద గీతలు పడితే, ఏ ఫ్లాట్ వాళ్ల కుక్కో నిమిషంలో ఫోన్లో తేలిపోయింది. ఎవరినీ అనుమానించే పని లేదు, మంచిదే... కానీ తప్పు చేసినవాళ్లు తమంతట తామే వచ్చి చెప్పుకోవడానికి ఒక సాయంత్రం వ్యవధి ఉండేది మాకు. అదిప్పుడు ఎవరికీ మిగలడం లేదు.

మీరూ ఏ రోజైనా, మీ తప్పుకు ఇంకొకరు మాట పడుతుంటే ఊరుకున్నారా... ఇక్కడ చెప్పుకోండి. వింటాను.