మేము తెచ్చిన రక్తం

అమ్మకు మోకాలు మార్చే ముందు ఆసుపత్రివాళ్లు రెండు సంగతులు చెప్పారు. నొప్పులకని షాపులో కొనుక్కుని మింగే మాత్రలు రక్తం గడ్డకట్టనివ్వవు కాబట్టి మానెయ్యాలి. రక్తం ఇచ్చే మనుషుల్ని మేమే తెచ్చుకోవాలి. మాత్రల డబ్బా నేను బీరువాలో పెట్టి తాళం వేశాను. మనుషుల కోసం, ఫిజీలో మా ఊరు వునిమోలి అంతా తిరిగాను. మేనమామ కొడుకులిద్దరు, మా చెరకు కొట్టే గ్యాంగు సర్దారు, పక్కింటి ఫిజియన్ ఆయన ఒప్పుకున్నారు. రక్తం ఇచ్చే ముందురోజు సాయంత్రం గిన్నె చుట్టూ చేరి, మత్తెక్కించే ఆ వేరురసం, యంగోనా తాగొద్దని నలుగురికీ గట్టిగా చెప్పాను. పెద్ద బావ మాత్రం మొహం మాడ్చుకున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. రక్తం ఎక్కువ పోకుండా సూదిమందు ఇచ్చారు. మోకాలికి గట్టి కట్టు కట్టి, దానిమీద ఐసు పెట్టారు. రెండోరోజు పొద్దున పరీక్ష చేస్తే పన్నెండున్న హిమోగ్లోబిన్ తొమ్మిదికి దిగింది. అమ్మ పెదాలు తెల్లగా పాలిపోయాయి. భయమేస్తే భయపడ్డట్టు కనిపించడం నాకు చేతకాదు. వెళ్లి డాక్టరమ్మ మీద పడ్డాను.

నలుగురిని తెచ్చాం, రెండు సంచులు ఎక్కించండి అన్నాను. ఆవిడ ఎక్కించనంది. కొంత రక్తం కట్టు లోపలే కారి ఉంటుందట, రెండు మూడు రోజులు ఇలా తగ్గడం మామూలేనట. ఆయాసం లేదు, గుండెదడ లేదు, కళ్లు తిరగడం లేదు. అవి మొదలైతే, లేదా అంకె ఇంకా బాగా పడిపోతే తానే ఎక్కిస్తానంది. అవసరం లేనప్పుడు పరాయి రక్తం ఎక్కిస్తే దాని చిక్కులు దానికున్నాయంది.

"పరాయిది కాదు, మావాళ్లదే," అన్నాను.

"మీవాళ్లది నిన్ననే కాన్పు వార్డులో ఒకామెకి ఎక్కించాం. ఆంటీకి కావలసివస్తే వేరేది ఉంది."

ఎవరినడిగి ఎక్కించారని నిలదీశాను. రక్తనిధి అంటే ఏమిటో తెలియని చదువు కాదు నాది. అయినా ఆ నలుగురినీ బస్సెక్కించి తెచ్చింది నేను. ఆ సంచులు అమ్మ పేరు రాసుకుని అమ్మ కోసమే కూర్చుని ఉంటాయనుకున్నాను.

మంచం మీదినుంచి అమ్మ అంది: "ఊరుకోవే. నాకు కళ్లేం తిరగడంలే. నీ అరుపులకే తల తిరుగుతాంది." తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, ఆ కాన్పు మనిషి ఎలా ఉందని హిందీలో అడిగింది. బాగుందని విని కళ్లు మూసుకుంది. ఇక నా వాదన ఎవరూ వినలేదు.

మూడోరోజు అంకె ఎనిమిదిన్నరకి దిగింది. అయినా వాకర్ ఇచ్చి అమ్మను నిలబెట్టారు. నేను కాలు చూడలేదు, ముఖమే చూస్తూ నిలబడ్డాను. తూలలేదు. ఆరడుగులు వేసింది. ఐదోరోజుకి అంకె మళ్లీ తొమ్మిది దాటింది. ఇనుము మాత్రలిచ్చి ఇంటికి పంపారు.

ఇంటికొచ్చిన వారానికి నలుగురూ చూడ్డానికి వచ్చారు. అమ్మ వాకర్‌తో వరండాలోకి నడిచొచ్చింది. పెద్ద బావ గర్వంగా అన్నాడు: "చూసినారా, నా ఖూన్ ఎట్లా నడుస్తాందో!"

కాదు, తనదేనన్నాడు సర్దారు. అసలు ఒక్క చుక్క కూడా ఎక్కించలేదని చెప్పబోయాను. అమ్మ నావైపు ఒక్క చూపు చూసింది.

"అవున్రా, నీదే," అంది బావతో. "కొంచెం యంగోనా వాసన కూడా వస్తాంది."

బావ నావైపు చూడకుండా చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.