తలంటు నీళ్ళు

అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర సందర్శకుల పుస్తకానికి దారంతో కట్టి ఉంచే పెన్ను రాయగా నేను ఎన్నడూ చూడలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా సంతకాలు సగం ఉత్త గీతలుగానే మిగిలాయి. 2006 దీపావళి అయిన నాలుగో రోజున, సర్జాపుర రోడ్డులోని ఒక కొత్త అపార్ట్‌మెంట్ గేటు దగ్గరా అదే జరిగింది. నేనప్పుడు నీటిశుద్ధి పనులు చేసే ఒక కంపెనీలో సీనియర్ డిజైన్ ఇంజనీరును. వెళ్ళిన పని: టాయిలెట్ ఫ్లష్ నీళ్ళు ఎందుకు కంపు కొడుతున్నాయో తేల్చి రిపోర్టు రాయడం.

అక్కడ స్నానాల నీళ్ళు, వాషింగ్ మెషీన్ల నీళ్ళు వేరే పైపులో కిందికి దిగుతాయి. తొట్టిలో మడ్డి పేరుకున్నాక ఇసుక ఫిల్టరు, బొగ్గు ఫిల్టరు దాటి, క్లోరిన్ కలుపుకొని, విడి ట్యాంకు ఎక్కి, ఫ్లష్‌లకూ తోటకూ పోతాయి. మరుగుదొడ్ల నీళ్ళూ వంటింటి నీళ్ళూ ఇందులో కలవవు. డిజైన్ నాదే. అప్పట్లో దాని గురించి అడగనివాళ్ళకు కూడా చెప్పేవాణ్ణి.

అసోసియేషన్ సెక్రటరీ రమాదేవిగారు గుంటూరు ఆవిడ, బ్యాంకు ఆఫీసరు. నేను వెళ్ళేసరికే తీర్పు ఇచ్చేశారు. "ఏముందండీ, పండగ కదా, ఆపరేటరు ఫిల్టరు కడిగి ఉండడు. రిపోర్టులో ఆ ఒక్క ముక్క రాసెయ్యండి, ఆదివారం మీటింగులో అతన్ని పంపించేస్తాం."

ఆపరేటరు మునియప్ప యాభై దాటినవాడు. బొమ్మనహళ్ళిలో గార్మెంట్ ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర పనిచేసి, అది మూతపడ్డాక ఇక్కడికి వచ్చాడు. ఇదీ పోతే ఆ వయసులో మరోటి దొరకదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఫిల్టరు కడగడమంటే నీళ్ళను కిందినుంచి పైకి ఎదురు పంపి, ఇసుకలో చిక్కిన మురికిని వదిలించడం.

"దినామూ కడిగినా సార్. పండగనాడు మూడుతూర్లు కడిగినా. బుక్కులో రాసి ఉండాది, సూడండి," అన్నాడు.

చూశాను. నమ్మలేదు. బుక్కులో రాయడం ఎంతసేపు?

ఫిల్టరు మూత విప్పించాను. ఇసుక సున్నుండల్లా ఉండలు కట్టి ఉంది. ఒకటి తీసి వాసన చూశాను. నువ్వులనూనె, సీకాయ. పండగ పొద్దున నా తలకూ అదే వాసన. తొంభై ఆరు ఇళ్ళలో ఇంటిల్లిపాదీ ఒకేసారి తలంటు పోసుకుంటే దిగిన నూనె అది. నూనె పట్టిన ఇసుకను ఉత్త నీళ్ళతో ఎన్నిసార్లు కడిగినా వదలదు. దారి మూసుకుపోయి, పైన నిలిచిన నీళ్ళు కుళ్ళాయి.

ఆఫీసుకు వచ్చి నా డిజైన్ ఫారం తీశాను. "నూనె, జిడ్డు: లేవు. కారణం: వంటింటి నీళ్ళు కలపడం లేదు" అని నా దస్తూరీలోనే ఉంది. రిపోర్టులో తప్పు డిజైన్‌దేనని రాశాను. మా చీఫ్ ఇంజనీరుగారు అది చదివి, 'తప్పు' అనే మాట ఎందుకు, 'పండగ భారం' అని రాయమన్నారు. సౌమ్యమైన మనిషి. కానీ పండగ భారం అంటే తప్పు ఎవరిదో తేలదు. తేలని తప్పు నేరుగా ఆపరేటరు మీదికే జారుతుంది.

ఆదివారం మీటింగులో తప్పు డిజైన్‌దేననీ, మా కంపెనీ ఇసుక మార్చి, ఫిల్టరుకు ముందు జిడ్డును ఆపే తొట్టి కట్టిస్తుందనీ చదివాను. రమాదేవిగారు "అయితే మునియప్ప ఉంటాడు," అని తర్వాతి అంశానికి వెళ్ళిపోయారు. చీఫ్‌గారు నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారంలో చాలా పని అయింది.

అప్పటినుంచి ఫారంలో 'లేవు' అని రాసేముందు, ఆ నీళ్ళు వదిలేవాళ్ళను ఒకసారి, ప్లాంటు నడిపే మనిషిని రెండుసార్లు అడిగేవాణ్ణి. నేర్చుకున్నది అంతే.

ఆ ఆదివారం మీటింగయ్యాక, మునియప్ప నాలుగు మంచి మాటలు అంటాడేమోనని పంపుగది దగ్గర కొంచెంసేపు నిలబడ్డాను. అతను జిడ్డు ఇసుకను పారతో గోనెసంచిలోకి ఎత్తుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"పండగనాడు తలకు నూనె పెట్టుకుంటారని తెలిసేదానికి ఇంత సదువు కావాల్నా సార్?"