నేను రాయని పేరు

1948లో పోలీసు చర్య జరిగిన కొద్ది వారాలకు నన్ను హైదరాబాదు నుంచి ఇబ్రహీంపట్నంలోని సహాయ కేంద్రానికి పంపారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. దుప్పట్లు పంచడం, చిన్న గాయాలకు కట్లు కట్టడం నా పని. గాయంతో ఎవరు వచ్చినా పేరు రాసి తమ క్యాంపులో ఇవ్వాలని పోలీసు అధికారి చెప్పాడు. అందుకే జనం నా ముఖం కంటే ముందు నా చేతిలోని కలం వంక చూసేవాళ్లు.

కోహెడ వైపు నుంచి ఒక రైతు ఇల్లాలు వారంలో మూడుసార్లు వచ్చి గాయాల మందు, గుడ్డపట్టీలు అడిగింది. బర్రె కాలికి దెబ్బ తగిలిందని చెప్పింది. భర్త ఊళ్లో లేడని ఎవరో అన్నారు. కమ్యూనిస్టు దళంలో ఉన్నాడేమోనని అనుమానం వచ్చింది. మూడోసారి మందు ఇవ్వకుండా, బర్రెను చూస్తానని వెంట బయల్దేరాను. దారి పొడుగునా ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

గడ్డి కొట్టంలో ఉన్నది భర్త కాదు. అతను హైదరాబాదులో మిల్లు పనిలో ఉన్నాడట. అక్కడ పడుకుని ఉన్నది ఒక ముసలి ముస్లిం దర్జీ. రజాకార్లకు ఖాకీ బట్టలు కుట్టాడని ఊరివాళ్లే కొట్టారట. మోకాలి కింద గాయం కుళ్లి వాసన వస్తోంది. బట్టలే కుట్టాడా, ఇంకేమైనా చేశాడా అన్న సందేహం నన్ను వదల్లేదు. ఆమె అది కనిపెట్టింది.

"ఆయన ఏం జేసిండో నాకెర్క లేదక్కా. నా బిడ్డకు జరమొస్తే దవాఖానకు ఎత్తుకపోయిండు. గది ఎర్క. నువ్వు పేరు రాస్తవా?"

పెద్ద దవాఖానకు తీసుకుపోకపోతే ప్రాణం పోతుంది. తీసుకుపోతే సంగతి బయటపడుతుంది. ఆమె వద్దంది. తేల్చుకోలేక ఆయన్నే అడిగాను, వేరే పేరు చెబుదామా అని కూడా అన్నాను.

"తీస్కపో బేటీ. దొంగ పేరు మాత్రం వద్దు. ఆ పేరుతోని చస్తే నన్నెవరు మట్టి చేస్తరు?"

మర్నాడు పొద్దున్నే కేంద్రం జీపులో తీసుకెళ్లాను. దవాఖానలో తన పేరు తానే చెప్పుకున్నాడు. క్యాంపు జాబితాలో మాత్రం నేను రాయలేదు. అధికారి అడిగితే గాయంతో ఎవరూ రాలేదని అబద్ధమాడాను. కాలు తీసేశారు, మనిషి బతికాడు.

నాలుగు రోజులకు పోలీసులు ఆమె ఇల్లు సోదా చేశారు. చెప్పింది జీపు డ్రైవరా, కేంద్రంలో మరొకరా? ఒక్కొక్కరినీ అనుమానంగా చూశాను. ఆమె దగ్గరికి వెళ్లి, నేను చెప్పలేదన్నాను.

"నువ్వొచ్చి పోయినంకనే వచ్చిండ్రు," అంది.

ఆయన్ను దవాఖానకు చేర్చడం తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. పిలవకుండా ఆ ఇంటికి వెళ్లడాన్ని మాత్రం ఇప్పటికీ సమర్థించుకోలేను. నేనక్కడ ఉన్న మిగతా రెండు నెలలూ ఆ ఇంటివాళ్లెవరూ కేంద్రం గడప తొక్కలేదు.