కొమురయ్య సర్టిఫికెట్

పాశమైలారంలో రంగు కెమికల్ తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో కొమురయ్య ఇరవై రెండేళ్లు బాయిలర్ నడిపాడు. చదివింది తొమ్మిదో తరగతి. బాయిలర్ అటెండెంట్ పరీక్ష నాలుగోసారికి గట్టెక్కాడు. ఆ సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి బాయిలర్ గది గోడకు వేలాడదీశారు. సర్టిఫికెట్ ఉన్న మనిషి లేకుండా బాయిలర్ వెలిగించకూడదని చట్టం.

షిఫ్టు ఎక్కగానే సేఫ్టీ వాల్వు పిడి ఎత్తి చూసేవాడు. ఆవిరి బుస్సుమంటే దించేవాడు. లోపల ఒత్తిడి హద్దు దాటితే తనంతట తానే తెరుచుకోవాల్సింది ఆ వాల్వే.

వెనకటికి ఏడాదికోసారి సర్కారు తనిఖీ ఉండేది. చాలామంది ఆఫీసు గదిలో చాయ్ తాగి సంతకం పెట్టిపోయేవారు. నరసింహమూర్తి అనే ఒకాయన మాత్రం చొక్కా విప్పి, టార్చి పట్టుకుని బాయిలర్ డ్రమ్ములోకి దూరేవాడు. తర్వాత సంస్కరణ వచ్చింది. పరిశ్రమలు పెరగాలంటే యజమానులను నమ్మాలన్నారు. ఎవరి తనిఖీ వాళ్లే చేసుకుని కంప్యూటర్‌లో పెడితే చాలు. చాయ్ తాగేవాళ్లతో పాటు నరసింహమూర్తీ రావడం మానేశాడు.

పోయిన వేసవిలో ఆ సేఫ్టీ వాల్వు పట్టేసింది, పిడి ఎత్తినా కదల్లేదు.

"రెండు దినాలు బంద్ పెట్టాలె సార్," అన్నాడు కొమురయ్య.

"ఆర్డరు నెత్తి మీదుందయ్యా, వచ్చే నెల చూద్దాం," అన్నాడు మేనేజర్ శివరామకృష్ణ. "వాల్వు పరీక్షించామని ఇక్కడ సంతకం పెట్టు."

"పరీక్షించలే గద సార్."

"నువ్వేమైనా ఇన్‌స్పెక్టరువా?"

"ఆల్లను రావద్దంటిరి. ఇగ నేనే కావాలె."

మేనేజర్ నవ్వాడు. వారం తిరక్కముందే, మోకాళ్ల నొప్పులవాడివి ఇంట్లో కూర్చోమన్నాడు. సర్టిఫికెట్ మాత్రం గోడ మీదే ఉంటుంది, దాని కిరాయి నెలనెలా ఇంటికొస్తుంది. బాయిలర్ పొయ్యి దగ్గర ముకేశ్‌ను పెట్టారు. బిహార్ నుంచి వచ్చి బొగ్గు మోసే మనిషి.

"కూసోబెట్టి తిండి పెడ్తమంటే గట్ల మొఖం పెట్టినవేంది?" అంది భార్య దేవమ్మ.

"ఆ బాయిలర్ పేల్తే ముకేశ్ బతకడు. గోడ మీద నా పేరుంటది."

"నీ కాయిదం తెచ్చుకుంటే ఆగుతదా?"

"ఆగుతది. కాయిదం లేకుంటే ఎలిగియ్యొద్దు."

"గట్లయితే తెచ్చుకో పో. పీనుగు మీది పైసలు నాకొద్దు."

కొమురయ్య వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీ గొట్టంలో పొగ నిజంగానే ఆగిపోయింది. ఆ పూట కడుపు నిండా తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ పొగ లేచింది. సంగారెడ్డిలో బాయిలర్ల ఆఫీసుకు పోయి మొర పెట్టుకుంటే, అక్కడి గుమాస్తా కంప్యూటర్‌లో చూసి, ఫ్యాక్టరీ ఫారంలో అన్నీ సక్రమంగా ఉన్నాయన్నాడు. వాల్వు పరీక్ష కూడా.

సాయంత్రం ముకేశ్ ఫోన్ చేశాడు. "కాకా, కొత్త కాయిదం పెట్టిండ్రు. జిన్నారం ఆద్మీది. ఆద్మీ రాలే, కాయిదం వచ్చింది."

"వాల్వు?"

"వైసాహీ ఉంది, పట్టేసే ఉంది."

"పని ఇడిసిపెట్టు బిడ్డా."

"ఇంటికి పైసల్ నువ్వు పంపుతవా కాకా?"

కొమురయ్య ఫ్యాక్టరీ ఆవరణను మనసులో ఒకసారి చుట్టి వచ్చాడు.

"సూడు, గేజు ముల్లు ఎర్రగీత దాటితే బొగ్గెయ్యకు, ఏం ముట్టకు, ఉరుకు. గోదాము దిక్కు పోకు, దాని తలుపుకు తాళముంటది. నీళ్ల ట్యాంకు పక్కన గోడ కూలింది. గా సందుల పడి ఉరుకు."

"ఫిర్ సే చెప్పు కాకా."

కొమురయ్య మళ్లీ చెప్పాడు, ఈసారి మెల్లగా.