హాజరు యాప్‌లో లేచిన తెల్ల కార్డు

ఈ రోజు పొద్దున ఒమాన్‌లోని నిజ్వా సైట్‌లో కంపెనీ హాజరు యాప్ తెరవగానే, కింది నుంచి ఒక తెల్ల కార్డు లేచి సగం స్క్రీన్ కప్పేసింది. "కొత్త అప్‌డేట్" అనే మాట, కింద పెద్ద పచ్చ బటన్. మా రూమ్‌లో ఇంగ్లిష్ చదివేది నేనొక్కడినే కాబట్టి రోజూ అందరి ఫోన్లూ నా చేతికే వస్తాయి. మూడు ఫోన్లలో నొక్కి ఇచ్చేశాను, వాళ్లు పనిలోకి వెళ్లిపోయారు.

నాలుగో ఫోన్ రాజన్నది. అప్పుడు కార్డు పైఅంచున చిన్న గీత కనబడింది. వీడియోలు చూసి యాప్ డిజైన్ నేర్చుకుంటున్నవాణ్ని, గీత ఉందంటే పైకి లాగితే ఇంకా ఏదో ఉంటుందని తెలుసు. లాగాను. బటన్ కింద సన్నటి అక్షరాలు: "ప్రతి శుక్రవారం డ్యూటీకి ఒప్పుకుంటున్నాను." ఇక్కడ మాకు వారానికి ఉన్న ఒక్క సెలవు అదే.

సూపర్‌వైజర్‌ని నిలదీశాను.

"అరే భాయ్, డిజైనే అట్ల వచ్చింది. నొక్కకుంటే హాజరు పడదు."

"దానంతట అదే రాదు సార్. ఎవడో కూసొని దాస్తేనే వస్తది!"

రాజన్న ఫోన్ లాక్కున్నాడు. "నాదాంట్ల నొక్కకు తమ్మీ. బిడ్డతోని మాట్లాడేది ఆ ఒక్క రోజే."

నా ఫోన్‌లోనూ నొక్కలేదు, మా ఇద్దరికీ హాజరు పడలేదు. ఆ కార్డు గీసినవాణ్ని బూతులు తిడదామంటే, నొక్కిన వేలు నాదే. ఆ ముగ్గురికీ ఇంకా చెప్పలేదు. మీరైతే ఎట్లా చెప్తారు?